కిటికీ మూసుకున్నాక వచ్చిన మొక్క

తమిళనాట విరుదునగర్ జిల్లాలో శివకాశి పట్టణానికి ఆనుకొని ఉన్న తిరుత్తంగల్, వైష్ణవుల నూటెనిమిది దివ్యదేశాలలో ఒకటిగా పేరు పొందిన పాత ఊరు. ‘తిరు’ అంటే లక్ష్మి, ‘తంగల్’ అంటే నిలిచి ఉండడం కాబట్టి లక్ష్మీదేవి తపస్సు చేస్తూ నిలిచిన చోటని ఆ పేరుకు అక్కడివారు అర్థం చెప్పుకొంటారు. ఊరి మధ్యనున్న చిన్న కొండ మీద కొలువైన స్వామి పేరు నిన్ఱ నారాయణ పెరుమాళ్, అంటే నిలుచున్న నారాయణుడు. ఆ కొండ పుట్టుకను గురించి స్థలపురాణం చెప్పే కథలో ప్రధాన పాత్ర ఒక చెట్టుది. స్వామికి పడకగా ఉండే ఆదిశేషుడికీ, ప్రళయకాలంలో ఆకు మీద స్వామిని మోసే మర్రికీ తమలో ఎవరు గొప్ప అన్న వాదం వచ్చి, బ్రహ్మ తీర్పు ఆదిశేషుడి పక్షాన వెలువడగా, చిన్నబోయిన మర్రి తపస్సు చేసి, తిరుత్తంగల్‌లో కొండగా మారి ఉంటే స్వామి వచ్చి దాని మీదనే నిలుస్తాడన్న వరం పొందిందట. దేవుడి పాదాల కింద శాశ్వతంగా చోటు దొరకడానికి ఆ చెట్టు ఆకులనూ ఊడలనూ వదులుకుని రాయి కావలసి వచ్చిందన్నది ఆ కథలో గమనించదగిన అంశం.

కథ సంగతి అలా ఉంచినా, బతికి ఉన్న మొక్కను నాలుగు గోడల లోపలికి, అందులోనూ వెలుతురు సరిగా చేరని గదిలోకి తెచ్చి పోషించడం దక్షిణదేశపు పాత అలవాట్లలో లేదు. నేడు ఆఫీసు బల్లల మీద, అకౌంట్స్ గదుల మూలల్లో, రిసెప్షన్ సోఫాల పక్కన కనిపించే స్నేక్ ప్లాంటు, మనీ ప్లాంటు, జెడ్‌జెడ్ మొక్కల చరిత్రను కేవలం తోటపని చరిత్రగా రాయబూనితే అసలు సంగతి చేజారిపోతుంది. మనుషులు కూర్చుని పనిచేసే గదుల్లోకి వెలుతురు ఎలా వచ్చేది, ఎప్పుడు రావడం మానింది అన్న ప్రశ్నతో కలిపి చూస్తేనే ఆ మొక్కలు లోపలికి వచ్చిన దారి కనబడుతుంది.

తిరుత్తంగల్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదకు కథాస్థలంగా ఎంచుకున్నది ఆ ఊరినే. తులసివనం పెంచి స్వామికి నిత్యం మాలలు కట్టి సమర్పించే విష్ణుచిత్తుడు, ఆ వనంలోనే దొరికిన గోదాదేవి ఆ కావ్యానికి ఆయువుపట్టు. వైష్ణవ ఆలయాల్లో నందనవనం, అంటే పూజకు కావలసిన పూలూ పత్రీ పెంచే తోట, ఎప్పుడూ ప్రాకారం లోపలో పక్కనో ఆరుబయటే ఉంటుంది. దీపం తప్ప మరో వెలుగు ఎరుగని గర్భగుడిలోకి కోసిన పువ్వు పోతుంది, తెంపిన తులసిదళం పోతుంది, మొక్క మాత్రం పోదు. ఇంట్లోనూ ఇదే పద్ధతి: తులసికోట ఉండవలసింది పెరట్లో, లేదా ఎండ పడే మండువాలో. చీకటి గదికి చేరేది మొక్క నుంచి తీసిన భాగమే గాని మొక్క కాదన్న ఈ నియమాన్ని ఎవరూ శాస్త్రంగా రాసిపెట్టినట్టు లేదు, రాయవలసిన అవసరమూ ఉండదు, ఎందుకంటే తులసిని ఒక నెల వంటింట్లో పెట్టిచూసిన వారికి అది తనంత తానే తెలిసివస్తుంది.

విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుపట్ల నేలను తమిళులు కరిసల్ అంటారు. తెలుగువారి నల్లరేగడి అదే. మధుర నాయకుల కాలం నుంచీ, అంతకు కొంత ముందు నుంచీ ఉత్తరాన్నుంచి దిగివచ్చిన కమ్మ, రెడ్డి, రాజు, రాజకంబళ నాయకుల కుటుంబాలు ఆ నేలలో పత్తీ సజ్జా పండించుకుంటూ స్థిరపడ్డాయి, ఇంటిలోపల తెలుగు నిలుపుకున్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసల కథనే గోపల్ల గ్రామం అన్న తమిళ నవలగా రాసి, దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. ఆ మెట్టప్రాంతపు పాత ఇళ్ళు, ఎండవేడిని ఆపడానికి మందపాటి మట్టిగోడలతో, చిన్న కిటికీలతో కట్టినవి కాబట్టి లోపల చీకటిగానే ఉండేవి. అయితే ఆ చీకటి గది ధాన్యానికీ, విత్తనానికీ, దేవుడి పటానికీ ఉద్దేశించినది. లెక్క రాయడం, పంచాయితీ చెప్పడం, పత్తి ఏరడం, బాకీ వసూలు చేయడం మొదలైన పనులన్నీ వీధి అరుగు మీద జరిగేవి. కరణం కాగితాలు పరచుకుని కూర్చునే అరుగే ఊరి ఆఫీసు, దానికి నాలుగు అడుగుల దూరంలో వేపచెట్టు. పనీ పచ్చదనమూ ఒకే వెలుతురును పంచుకున్న ఆ రోజుల్లో మొక్కను గదిలోకి పిలవాలన్న ఆలోచన ఎవరికీ తట్టకపోవడంలో వింత లేదు.

కుంపిణీ కచేరీలు వచ్చాక కూడా ఈ పరిస్థితి వెంటనే మారలేదు. మద్రాసు రాజధానిలో కట్టిన కలెక్టరు కచేరీలకు ఎత్తయిన పైకప్పులూ, చుట్టూ వెడల్పాటి వసారాలూ ఉండేవి. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుతూ ఉంటే లోపలి గుమాస్తాలకు చల్లని గాలీ, మట్టివాసనను తలపించే పరిమళమూ అందేవి, గది మాత్రం పట్టపగలే మసకబారేది. ఆ విధంగా దక్షిణదేశపు ఆఫీసు గదికి పనికట్టుకుని తెచ్చిన తొలి మొక్క వట్టివేరు అనుకోవచ్చు, అదీ తవ్వితీసిన వేళ్ళుగానే. బతికి ఉన్న మొక్కలు వసారా దాటి లోపలికి రాలేదు. జేగురు పూసిన కుండీల్లో క్రోటన్లనూ ఫెర్నులనూ వసారా మెట్ల మీద వరసగా పేర్చడం కచేరీల్లోనూ, దొరల బంగళాల్లోనూ మర్యాదకు గుర్తుగా స్థిరపడింది. ఆ వరసలు ఎంతగా అలవాటయ్యాయంటే తెలుగునాట అందానికి పెంచే ప్రతి ఆకుమొక్కకూ ‘క్రోటన్’ అన్నదే సాధారణ నామమైంది.

గది లోపల మొక్కను బతికించవలసిన అవసరం మొదట వచ్చింది ఎండ కరవైన దేశంలో. లండనులో వైద్యవృత్తిలో ఉంటూ మొక్కల మీద ఆసక్తి పెంచుకున్న నథానియల్ బాగ్‌షా వార్డ్, 1829లో ఒక సీతాకోక జాతి పురుగు గూడును తడిమట్టితో మూతపెట్టిన సీసాలో ఉంచి చూస్తుండగా, బొగ్గుపొగతో నిండిన ఆ నగరంలో బయట బతకని ఫెర్ను ఒకటి సీసా లోపల తనంత తానే మొలిచింది. దాన్నిబట్టి ఆయన తయారు చేయించిన గాజుపెట్టెలో ఆకులు విడిచిన తేమ గాజుకు అంటి తిరిగి మట్టిలోకే జారుతుంది కాబట్టి మొక్కకు నెలల తరబడి నీళ్ళు పోయనక్కరలేదు. వార్డియన్ పెట్టె అని పేరుపడిన ఈ అమరికలో లాడిజెస్ నర్సరీవారి సాయంతో మొక్కలను 1833లో ఓడ మీద సిడ్నీకి పంపితే అవి బతికే చేరాయి. అదే 1829లో ఆ లాడిజెస్ నర్సరీ ప్రచురణలో, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక మెరిసే ఆకుల మొక్కకు తొలి వర్ణన అచ్చయింది. నేటి జెడ్‌జెడ్ మొక్క అదే, కాకపోతే దాన్ని అమ్మకపు సరుకుగా పెంచడానికి డచ్చి నర్సరీలు పూనుకునేసరికి 1996 వచ్చింది. ఇంగ్లండులో గ్యాసుదీపాల వాయువులు మిగతా మొక్కలను చంపుతుంటే ఓర్చుకుని నిలబడిన ఆస్పిడిస్ట్రా మధ్యతరగతి ఇళ్ళ హాలులో స్థానం సంపాదించింది. దీని ఊరు తైవాన్, దక్షిణ జపాన్ అడవుల చెట్లనీడ. అంటే ఒక మొక్క మసకగదికి తగునా తగదా అన్నది తేల్చేది, అది పుట్టిన చోట దాని నెత్తిమీద ఎంత గుబురు ఉండేదన్న విషయమే.

ఇంతకంటే తెలుగువారికి దగ్గరి సంగతి ఒకటి ఉంది. 1781 నుంచి 1793 వరకు గోదావరి మండలంలోని సామర్లకోటలో ఉండి, తోట వేసి, కోరమాండల్ తీరపు మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో, పొదల నీడన గుంపులుగా పెరిగే, కత్తుల్లాంటి ఆకులూ వాటి మీద పాము వంటి మచ్చలూ గల ఒక మొక్కను పరిశీలించాడు. తెలుగులో దాన్ని చాగ అనీ తమిళంలో మరుళ్ అనీ అంటారు. సంస్కృతంలోని మూర్వ కూడా ఇదేనని రాక్స్‌బరో అభిప్రాయం. వింటినారి పేనడానికి వాడే నార మూర్వది, క్షత్రియ బ్రహ్మచారి మొలతాడు దానితోనే చేయాలని మనుస్మృతి చెబుతుంది. రాక్స్‌బరో ఈ మొక్కను సింహళపు జాతిగా భావించి రాయగా, 1829లోనే వృక్షశాస్త్రజ్ఞులైన షుల్టెస్ తండ్రీకొడుకులు అది వేరే జాతి అని తేల్చి సాన్సెవియేరియా రాక్స్‌బర్ఘియానా అని ఆయన పేరే పెట్టారు. ఒక్క సంవత్సరంలో లండనులో సీసామొక్కా, ఆఫ్రికా మొక్కా, కోరమాండల్ చాగా ఇలా వెలుగులోకి రావడం కేవలం కాకతాళీయమే అయినా, నేటి ఆఫీసు కుండీల వంశవృక్షం రాసేవారికి 1829 మరచిపోవడానికి వీల్లేని సంవత్సరం.

చాగను ఆ రోజుల్లో ఎవరూ అందం కోసం చూడలేదు. ఆకును చెక్క మీద పరచి, మొద్దు అంచుగల పనిముట్టుతో గీరుతూ పోతే పచ్చని గుజ్జు పోయి, జుట్టులాగా సన్నని తెల్లని నార మిగులుతుంది. నలభై పౌన్ల పచ్చి ఆకు గీరితే ఒక పౌను నార వస్తుందని లెక్క. నాలుగు అడుగుల చాగ తాడు 120 పౌన్ల బరువు మోయగా, ఐరోపా ఓడల మోకులకు వాడే గంజాయి జాతి రష్యా నారతో అంతే లావున పేనిన తాడు 105 పౌన్లకే తెగిందనీ, రెంటినీ 116 రోజులు నీళ్ళలో నానబెట్టి తీస్తే రష్యా తాడు పూర్తిగా కుళ్ళిపోగా చాగ తాడు ఇంకా 30 పౌన్లు మోసిందనీ రాయల్ అన్న వైద్యుడు 1855లో భారతదేశపు నార మొక్కల మీద రాసిన గ్రంథంలో నమోదైంది. నేడు స్నేక్ ప్లాంటు పేరుతో అమ్మేది దీని పశ్చిమాఫ్రికా బంధువు. నీడలో నెలల తరబడి నిలబడడం, ఆకులో నీరు దాచుకోవడం, మట్టి కింద పసుపు కొమ్ములాంటి దుంపకాండం మీద బతకడం రెంటికీ ఉమ్మడి గుణాలే. వృక్షశాస్త్రజ్ఞులు ఇటీవల సాన్సెవియేరియాలను డ్రసీనా ప్రజాతిలో కలిపివేశారు గాని నర్సరీల్లో పాత పేరే చెల్లుబాటవుతోంది. పెరటి బంధువును మరచి, పేరు నోరు తిరగని పరదేశపు మొక్కకు డబ్బు పోయడం వ్యాపారంలో కొత్తేమీ కాదు.

తిరుత్తంగల్ వైపు తిరిగి వస్తే, వెలుతురు కథలో అసలు మలుపు అక్కడి పరిశ్రమల్లో కనిపిస్తుంది. శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని 1920ల తొలినాళ్ళలో తిరిగివచ్చాక, వానలు తక్కువై గాలి పొడిగా ఉండే ఆ ప్రాంతం అగ్గిపెట్టెలకూ, తరువాత బాణసంచాకూ, అగ్గిపెట్టె లేబుళ్ళు అచ్చువేయడంతో మొదలై కేలండర్లు, సినిమా పోస్టర్ల దాకా పెరిగిన రంగుల ముద్రణకూ నెలవైంది. ఆ పరిశ్రమల్లో భాగమైన తిరుత్తంగల్ 2021లో శివకాశి నగరపాలికలో కలిసింది. బాణసంచా షెడ్డులో మందు కలిపే పని పగటి వెలుతురులోనే సాగాలన్నది నియమం; ప్రమాదం జరిగితే క్షణంలో బయటపడేందుకు షెడ్డుకు ఒకటికి మించి తలుపులు, బయటికి తెరుచుకునేవి, ఉండాలి. కాబట్టి అన్నిటికంటే ప్రమాదకరమైన పని అన్నిటికంటే వెలుతురున్న చోట జరుగుతుంది. ముద్రణాలయంలో వ్యవహారం వేరు. కాగితం తేమను పీల్చి సాగుతుంది, ఆరితే కుదించుకుపోతుంది. ఒక రంగు మీద మరో రంగు సరిగా కూర్చోవాలంటే గదిలో తేమ మారకుండా ఉండాలి. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ అనే లితో ముద్రణాలయంలో సరిగ్గా ఈ చిక్కును తీర్చడానికే విల్లిస్ కారియర్ గాలిలోని తేమను అదుపుచేసే యంత్రాన్ని రూపొందించాడు. ఎయిర్ కండిషనర్ పుట్టింది మనుషుల సుఖానికి కాదు, రంగుల కాగితం సుఖానికి అన్న ఈ సంగతి అచ్చుపనికి పేరుపడ్డ ఊళ్ళలో చెప్పుకోదగ్గది.

చల్లబరిచిన గాలి బయటికి పోకూడదు కాబట్టి కిటికీ మూసుకుంది. 1930ల చివర అమెరికాలో అమ్మకానికి వచ్చి, స్వాతంత్ర్యం తరువాత ఇక్కడ ఇంటింటికీ పాకిన ట్యూబులైటు, మూసిన కిటికీ లోటును మనిషి కంటికి తెలియనివ్వలేదు. అరుగు మీది కరణం, వసారా పక్క గుమాస్తా క్రమంగా తెరలు దించిన గదిలోకి మారగా, ఆ గదికి పచ్చదనం తొలుత అచ్చుబొమ్మగానే వచ్చింది: గోడ కేలండరు మీద జలపాతమూ, దాని చుట్టూ ఎన్నడూ వాడని అడవీ. కుండీ ఆ తరువాత వచ్చింది.

కంటికి తెలియని ఆ లోటు ఆకుకు తెలుస్తుంది. వెలుతురు తీవ్రతను కొలిచే ప్రమాణం లక్స్. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, చక్కగా దీపాలు వేసిన ఆఫీసు బల్ల మీద పడేది మూడు వందల నుంచి ఐదు వందల లక్స్, బీరువా పక్క మూలలో వందకు లోపే. కిరణజన్య సంయోగక్రియలో మొక్క తయారుచేసుకునే ఆహారమూ, శ్వాసించడానికి అది ఖర్చుచేసే ఆహారమూ సరిసమానమయ్యే వెలుతురును పరిహార బిందువు అంటారు. గదిలోని వెలుతురు ఆ బిందువుకు దిగువన ఉంటే మొక్క వెంటనే చావదు, దాచుకున్నది తింటూ వారాలూ నెలలూ గడుపుతుంది, అందుకే కొన్నవారు అది బతికే ఉందనుకుంటారు. తులసికీ మల్లెకూ క్రోటనుకూ ఈ బిందువు ఎత్తులో ఉంటుంది. దట్టమైన అడవుల అడుగున పుట్టిన అగ్లోనీమా, స్పాతిఫిల్లం, మనీ ప్లాంటు వంటివాటికి బాగా కింద ఉంటుంది. మనీ ప్లాంటు పుట్టినిల్లు పసిఫిక్‌లోని మోరియా ద్వీపం; 1880లో శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన ఈ తీగ పూలు పూయడం దాదాపు ఎరగకపోయినా, కణుపు ముక్క నీళ్ళలో వేస్తే వేళ్ళు వేసే స్వభావం వల్ల లోకమంతా పాకింది. పక్కింటి నుంచి అడగకుండా తెంపుకుని వస్తేనే సంపద కలిసొస్తుందన్న నమ్మకం ఆ పాకుడుకు బాగానే తోడ్పడి ఉంటుంది.

స్నేక్ ప్లాంటు దారి మరొకటి. అది ఆకు మీది సూక్ష్మమైన పత్రరంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది కాబట్టి ఎడారి మొక్కల్లాగే నీటిని పొదుపుగా వాడుతుంది, ఎయిర్ కండిషనర్ పొడిగాలికి చెదరదు. దాన్ని చంపేది దాహం కాదు, ప్రేమ. రోజూ వచ్చీరాగానే గ్లాసు మిగులునీళ్ళు కుండీలో పోసే అలవాటు. వెలుతురు తక్కువైన చోట మొక్క తాగేదీ తక్కువే కాబట్టి ఆ నీరు మట్టిలోనే నిలిచి, దుంప మొదట గోధుమరంగుకు తిరిగి, తరువాత ఆకు మొదలు మెత్తబడి, ఒకనాడు నిటారుగా ఉన్న ఆకు పట్టుకోగానే చేతిలోకి ఊడి వస్తుంది, కింది కొస నుంచి పుల్లటి వాసనతో. కరిసల్ నేల ఉన్న ఊళ్ళలో ఈ ప్రమాదం రెట్టింపు. ఆ నల్లమట్టి తడిస్తే ఉబ్బి నీటిని వదలదు, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్ళను తెంపుతుంది. పత్తికి ప్రాణమైన ఆ గుణమే కుండీలో మొక్కకు ముప్పు. అందుకని ఎర్రమట్టి, ముతక ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి, అడుగున చిల్లి ఉన్న కుండీలో నాటి, వేలు రెండు కణుపుల లోతు దించితే పొడిగా తగిలినప్పుడే, అంటే రెండు మూడు వారాలకు ఒకసారి, నీళ్ళు పోయడం ఎరిగినవారి పద్ధతి. ఆకుల మీది దుమ్మును తడిగుడ్డతో తుడవడం కూడా అలంకారం కోసం కాదు; ఉన్న కొద్ది వెలుతురులో దుమ్ముపొర తన వాటా తీసుకుంటుంది.

ఈ మొక్కలు గాలిని శుద్ధిచేస్తాయన్న ప్రచారానికి మూలం 1989లో బిల్ వోల్వర్టన్ బృందం నాసా తరఫున జరిపిన పరిశోధన. మూసిన చిన్న గదుల్లో మొక్కలు కొన్ని విషవాయువులను తగ్గించిన మాట వాస్తవమే గాని, 2019లో కమింగ్స్, వారింగ్ అనే పరిశోధకులు అటువంటి ప్రయోగాలన్నిటినీ పరిశీలించి, మామూలు భవనంలో గాలి మార్పిడి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని లెక్కతేల్చారు. అంత అడవి ఉంటే గుమాస్తాకు కుర్చీ ఉండదు. ఆఫీసులో మొక్కకు గాలి శుద్ధి అనే ఉద్యోగం కట్టబెట్టకపోతే దాని మీద ఆశలూ తగ్గుతాయి, నిందలూ తగ్గుతాయి.

తెలుగునాట ఈ మొక్కల వ్యాపారానికి కేంద్రం గోదావరి ఒడ్డున ఉన్న కడియం. అక్కడి నర్సరీల నుంచి లారీల్లో పొరుగు రాష్ట్రాలకు వెళ్ళే సరుకులో స్నేక్ ప్లాంటూ జెడ్‌జెడ్ మొక్కా ఉంటాయి, ఆ నర్సరీలు ఉన్నది రాక్స్‌బరో తోట వేసిన సామర్లకోటకు ఎంతో దూరంలో కాదు.

శివకాశి చుట్టుపక్కల బాణసంచా కర్మాగారాలు దీపావళి సరుకు పంపించాక కొన్ని వారాల పాటు మూతపడడం ఆనవాయితీ. షెడ్ల తలుపులతోపాటు ఆఫీసు గదీ మూతపడుతుంది, ట్యూబులైటు ఆరుతుంది, ఎయిర్ కండిషనర్ ఆగుతుంది, కుండీకి నీళ్ళు పోసేవారు ఉండరు. చాగ వంశపు మొక్కకు ఇది పెద్ద గండం కాదు. పొదల అడుగున వాన లేని నెలలు గడపడం దాని జాతికి ఎప్పటినుంచో అలవాటు, దుంపలో దాచుకున్నది ఆ మాత్రం కాలానికి చాలుతుంది. తాళం తీసిన రోజున ఆకులు కొంచెం ముడతపడి, అంచులు లోపలికి ముడుచుకుని కనిపించవచ్చు. అసలు గండం అప్పుడే మొదలవుతుంది: పాపం ఎన్నాళ్ళుగానో ఎండిపోయిందని జాలిపడిన చెయ్యి ఒకేసారి పెద్ద చెంబుడు నీళ్ళు గుమ్మరిస్తుంది.